ఒర్రెకు నేను చెప్పిన అర్థం

మన ఉపాధ్యాయ సంఘం సంచికలో యాత్ర అంటే కాశీ, లేకపోతే ఊటీ. పోయినసారి ఒకాయన బదరీ వెళ్ళొచ్చి పద్నాలుగు పేజీలు రాశారు, అందులో ఆరు పేజీలు చలి గురించే. నేను రాయబోయేది సిటీ బస్సుల హద్దు దాటితే గంటలో చేరే చోటు. అయినా మీలో ఎవరూ అక్కడికి వెళ్ళలేదు. ప్లాట్లు కొన్నవాళ్ళు మేం వెళ్ళామంటారేమో. జీపు దిగి, నంబరు రాళ్ళు చూసుకుని, కొబ్బరికాయ కొట్టి మళ్ళీ జీపెక్కడం వెళ్ళడం కాదు. నేనూ అలాగే వెళ్ళాను కాబట్టి అంటున్నాను.

ముందు నా నేరం చెప్పేస్తాను. దాచిపెట్టి ఆఖర్న బయటపెట్టడానికి ఇది నాటకం కాదు.

రెండేళ్ళ కిందట మనవాళ్ళు పన్నెండుమంది కలిసి మహేశ్వరం దారిలో ప్లాట్లు కొన్నాం గదా. లేఅవుట్ కాగితం మీద సంతకం కోసం పంచాయతీ ఆఫీసులో కూర్చున్న రోజున ఊరివాళ్ళు వచ్చి అడ్డం చెప్పారు. "ఆడ ఒర్రె ఉన్నది సారు, దాన్ని మూయొద్దు" అన్నారు. ఆఫీసరుగారిది మా కృష్ణా డెల్టా వైపే. ఆయన నా వైపు తిరిగి, "పంతులుగారూ, తమరు తెలుగు పండితులు. ఈ ఒర్రె అంటే ఏమిటండీ?" అని అడిగారు. నాకు తెలియదు. తెలియదని అనొచ్చు, నోరేమీ పడిపోదు. కానీ ఇరవై ఏళ్ళుగా పిల్లలకు అర్థాలు చెబుతున్న నోరు గదా, ఊరుకోలేదు. "మన వైపు పొలాల్లో బోదెలుంటాయి చూడండి, అలాంటిదే. చివరి పిల్లకాలువ. మూసినా పెద్దదానికేం నష్టం లేదు" అన్నాను. ఆయన ఆ మాటే రాసుకున్నారు. బయటికొచ్చి అందరం మిరపకాయ బజ్జీలు తిన్నాం. నా పాండిత్యం వల్ల పని గట్టెక్కిందని ఎవరో అంటే పొంగిపోయాను కూడా.

పోయిన ఏడాది ఇదే సంచికలో నేను రాసిన 'నీటి మాటలు' జాబితాలోనూ ఒర్రెకు ఆ అర్థమే ఇచ్చాను. ఈ వేసవి సెలవులకు ముందు మా స్టాఫ్ రూములో లక్ష్మి టీచరు ఆ పేజీ తెరిచి నా ముందు పెట్టింది. శంషాబాద్ పిల్ల, లెక్కలు చెబుతుంది.

"సార్, మీరెప్పుడన్న ఒర్రెను చూసిన్రా?" అంది.

"పదాలన్నీ చూసే రాస్తామా అమ్మా?" అన్నాను.

"మా పెద్దనాయిన నీరడి సార్. చెరువు నీళ్ళు చూసుకునేటాయన. వానలకు ముందుగాల ఒర్రె పుట్టిన కాడికెళ్ళి చివరిదాక నడుస్తడు ఏటా. ఆయనతోని ఒక్కసారి నడిచి రాయుండ్రి."

నలుగురిలో అనేసరికి నాకు చురుక్కుమంది. సరే నడుస్తానన్నాను. ఆ పిల్ల నోరు మూయించాలనే బయల్దేరాను తప్ప, నేర్చుకోవాలని కాదు.

శంషాబాద్ చౌరస్తా

మే నెల మూడో వారం. పొద్దున ఎనిమిదింటికే తారు మెత్తబడుతోంది. చౌరస్తాలో కడక్ చాయ్ రెండు రూపాయలు. మా వైపు అయితే ఆ రెండు రూపాయలకు గ్లాసు నిండా పోస్తారు. ఇక్కడ చిటికెన వేలంత కప్పు, కానీ తాగాక మధ్యాహ్నం దాకా నిద్ర రాదు.

బల్ల మీద నా పక్కన కూర్చున్నాయన చేతిలో చుట్టిన లేఅవుట్ కాగితాలున్నాయి. నా ఇస్త్రీ చొక్కా చూసి జరిగి కూర్చున్నాడు.

"ఏర్‌పోర్ట్ వస్తుందంటున్నరు సార్ ఇటు దిక్కు. గిప్పుడే తీసుకోవాలె. తర్వాత పరేషానైతరు."

"నాకు ఉందండీ ఒకటి, మహేశ్వరం దారిలో" అన్నాను గొప్పగా.

"అరె, మంచిగ చేసిన్రు! పల్లం ఏమన్న ఉంటే మొరం కొట్టియ్యుండ్రి సార్, బరాబర్ అయితది."

మేం అప్పటికే ముప్ఫై ట్రాక్టర్ల మొరం మట్టి పోయించామని చెప్పాను. ఆయన మెచ్చుకుని నా చాయ్ డబ్బులు తనే ఇచ్చాడు.

గుట్ట కింద

లక్ష్మి పెద్దనాన్న పేరు మల్లయ్య. అరవై దాటిన మనిషి, బక్కగా, నల్లగా, భుజాన పార. మహేశ్వరం బస్సు దిగేసరికి వేపచెట్టు నీడలో నాకోసం నిలబడి ఉన్నాడు. నా చేతిలోని సంచి అడక్కుండానే లాక్కుని పార కర్రకు తగిలించుకున్నాడు.

"వద్దండీ మల్లయ్యగారూ, నేను మోస్తాను" అన్నాను.

"గారేంది సారు, పెండ్లి పిలుపుకు వచ్చినట్టు? అన్నా అను" అని నవ్వాడు. మా ఊళ్ళో అయితే పెద్దమనిషిని ముఖాన 'నువ్వు' అంటే తగాదాకు వచ్చినట్టే. ఇక్కడ సారూ అంటారు, నువ్వూ అంటారు, రెండూ మర్యాదే. అరగంటలో నాకూ అలవాటైంది.

ఊరి వెనక గుట్ట. ఏనుగులంత బండలు ఒకదానిమీద ఒకటి. ఆ బండల సందున ఒకచోట ఆగి పారతో చూపించి, "ఇగ ఇదే సారు" అన్నాడు. నాకేమీ కనబడలేదు. బండ కింద జానెడు వెడల్పున ఇసుక చార ఉంది, అంతే. నేను నోట్‌బుక్ తీసి పెన్ను పట్టుకున్నాను, రాయడానికేమీ లేదు.

"నీళ్ళేవి మల్లన్నా?"

"నీళ్ళు వానల వస్తయి. తొవ్వ ఎప్పటికుంటది. నువ్వు ఇంట్ల లేనప్పుడు నీ ఇల్లు ఇల్లు కాకుంట పోతదా?"

దిగడం మొదలుపెట్టాం. ఆ ఇసుక చార కొంత దూరం పోయి రెండడుగులైంది, ఇంకోటి పక్కనుంచి వచ్చి కలిస్తే నాలుగడుగులైంది. రెండు గట్ల మీదా వావిలి పొదలు, తంగేడు. మల్లయ్య అడుగడుగునా వంగుతున్నాడు. ఎండుకొమ్మ అడ్డం పడితే తీసి గట్టు మీదికి విసిరేస్తాడు. పాలిథిన్ కవర్లు ఏరి బొడ్లో దోపుకుంటాడు. ఇసుక మేట వేసిన చోట నాలుగు పారలు తోడి దారి చేస్తాడు. ఎవరూ లేరు, ఎవరూ చూడరు. జీతం ఉందా అని అడిగాను. కల్లం దగ్గర ప్రతి రైతూ ఇన్ని చేటల వడ్లు మేర కింద, అంటే పనివాడి వాటాగా, ఇస్తాడని, అదే బతుకని చెప్పాడు.

ఒకచోట వావిలి మొదళ్ళలో పోయిన వానల నాటి చెత్త చిక్కుకుని ఉంది, అంతా ఒకే పక్క. "నీళ్ళు ఎటు నుంచి వచ్చినయో చెట్టును చూస్తే ఎరుకైతది" అన్నాడు. అది రాసుకుంటూ, నా పాండిత్యం నిలబెట్టుకుందామని, "మా వైపు ఇలాంటివాటిని బోదెలంటాం" అన్నాను.

"బోదెల నీళ్ళు ఏడికెళ్ళి వస్తయి?"

"పెద్ద కాలువ నుంచి పిల్లకాలువకు, దాన్నుంచి బోదెకు, బోదెలోంచి మడికి."

మల్లయ్య నిలబడిపోయాడు. "అంటే పెద్దది చిన్నదానికి ఇస్తదా మీ తాన?"

"అవును మరి."

"ఈడ గట్ల గాదు సారు. గీ చిన్నయే ఇయ్యాలె. బండ ఒర్రెకు ఇస్తది, ఒర్రె చెరువుకు ఇస్తది. మా చెరువు అలుగు దుంకితే మల్ల ఒర్రెనే, జల్‌పల్లి చెరువుకు పోతది. ఆడికెళ్ళి మూసీల గలుస్తది. చిన్నదాన్ని మూస్తే పెద్దది ఎండుతది."

ఇరవై రెండేళ్ళుగా ఏడో తరగతి పిల్లల చేత 'పెద్ద నదిలో కలిసే చిన్న నది ఉపనది' అని వల్లె వేయించాను. మూసీ కృష్ణకు ఉపనది అని చెప్పించాను. తప్పు చెప్పిన వాళ్ళను బెంచీ ఎక్కించాను. మూసీకి ఎవరిస్తున్నారో ఒక్కరోజు ఆలోచించలేదు. ఈ ఇసుక చారలో నడిచిన నీళ్ళే మూసీలో కలిసి, కృష్ణలో పడి, మా తెనాలి కాలువలోకీ, మా నాన్న మడిలోకీ వచ్చి ఉంటాయి. నేను ఆ అన్నం తిని పెరిగి, ఇక్కడికొచ్చి దీన్ని బోదె అన్నాను.

అప్పుడే నా కుడికాలి చెప్పు వారు తెగింది. తగినశాస్తి. మల్లయ్య కూర్చుని తుమ్మముల్లు ఒకటి విరిచి, వారును అడుగుకు గుచ్చి బిగించి ఇచ్చాడు. నా చెప్పును ఆయన ఒళ్ళో పెట్టుకుని బాగు చేస్తుంటే ఒంటికాలి మీద నిలబడి చూశాను. ముందు రాబోయేది ఎవరి ప్లాటో నాకు తెలుసు, ఆయనకు తెలియదు.

గోడ

మిట్టమధ్యాహ్నానికి ఒర్రె పదిహేనడుగుల వెడల్పయింది. నడుం ఎత్తు గట్లు. ఒక మలుపు తిరిగాం. ఎదురుగా రాతిగోడ, సున్నం వేసి ఉంది. దానిమీద నీలిరంగు అక్షరాలతో ప్లాటు నంబరు, కింద నా పేరు, నా పేరు పక్కన 'తెలుగు పండిట్'. ఆ అక్షరాలు గుండ్రంగా ఉండాలని పెయింటరుకు నేనే దగ్గరుండి చెప్పాను.

మల్లయ్యకు చదువు రాదు. గోడ మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"గిది సార్లు కట్టిన్రు. గీ గోడ వెనుక ఇంకో మూడు ప్లాట్లు ఒర్రె మీదనే ఉన్నయి. అంత మొరం పోసిన్రు. మావోళ్ళు పోయి చెప్పిన్రు పంచాయతీల. ఎవరో పంతులట, ఇది పనికిరాని కాలువ, మూస్తే ఏంగాదు అని చెప్పిండట. సదువుకున్నోడు చెప్పినంక మా మాట ఎవలు ఇంటరు?"

"తర్వాత?" అన్నాను.

"తర్వాతేముంది. రెండేండ్లాయె, చెరువు నిండలె. వచ్చిన నీళ్ళు ఈడ గోడకు తగిలి రోడ్డు మీదికెళ్ళి అటు పడి పోతున్నయి. చెరువు కింద నలభై ఇండ్లోళ్ళు నాట్లు ఎయ్యలె. ఈ వానకాలం గూడ నిండకపోతే ఇగ భూములు అమ్ముకుంటమంటున్నరు. ప్లాట్లోళ్ళు తిరుగుతనే ఉన్నరు."

అప్పుడు చెప్పాల్సింది. ఆ పంతులు నేనే అని రెండు ముక్కలు. నా పేరు నా వీపు వెనకే నీలి అక్షరాల్లో ఉంది, అక్షరాలకు అడ్డంగా నిలబడ్డాను చూడండి, చదువు రాని మనిషికి కనబడకుండా! అంత పిరికివాణ్ణని నాకు అంతవరకూ తెలియదు. నాకు కోపమొస్తే క్లాసంతా వణుకుతుంది, హెడ్మాస్టరు కూడా తగ్గి మాట్లాడతాడు. ఆ రోజు మాత్రం "అయ్యో పాపం" అన్నాను. నిజంగా ఆ మాటే అన్నాను.

గోడ చుట్టూ ముళ్ళకంప తొక్కుకుంటూ తిరిగి, నాలుగు ప్లాట్లూ దాటి అవతల మళ్ళీ ఒర్రెలోకి దిగాం. మల్లయ్య అక్కడా వంగి ఎండుకొమ్మ ఒకటి తీశాడు.

"పైనుంచి నీళ్ళే రావడం లేదు గదా మల్లన్నా, ఇక్కడ ఎందుకు?" అని అడిగాను.

"వచ్చిననాడు తొవ్వ ఉండాలె గద సారు."

చెరువు కట్ట మీద అన్నం

మల్లయ్య భార్య సత్తమ్మ గంప నెత్తిన పెట్టుకుని కట్ట మీదికే వచ్చింది. జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ. మా ఇళ్ళల్లో చారు కాచకుండా తాగడమంటే జ్వరం తెచ్చుకోవడమే అనుకుంటాం. ఇక్కడ చింతపండు పిసికిన చల్లటి పులుసులో ఉల్లిపాయ, పచ్చిమిరప, కాల్చిన జీలకర్ర. ఆ ఎండలో అది గొంతులోకి దిగుతుంటే ప్రాణం లేచొచ్చింది. మూడు రొట్టెలు తిన్నాను. నాలుగోది ఆమే వేసింది.

"తిను సారు, నడిచినవ్ గద. బియ్యం లెవ్వు ఈ ఏడు, లేకుంటే బువ్వ వండుతుంటి" అంది సత్తమ్మ మామూలుగా.

ఎదురుగా చెరువు. నీళ్ళుండాల్సిన చోట బర్రెలు మేస్తున్నాయి, తుమ్మ మొక్కలు మోకాలెత్తు పెరిగాయి. బియ్యం ఎందుకు లేవో ఆ ముగ్గురిలో నాకొక్కడికే పూర్తిగా తెలుసు. నాలుగో రొట్టె విస్తట్లో వదిలేస్తే ఆమె ఏమనుకుంటుందోనని నీళ్ళతో దించాను. ఆ రాత్రి వాళ్ళ వాకిట్లోనే నులకమంచం వేశారు. ఒక్కటే మంచం ఉంది ఆ ఇంట్లో.

జల్‌పల్లి

రెండోరోజు అలుగు దగ్గర్నుంచి కిందికి దిగాం. తుక్కుగూడ దాటాక ఒకామె తాటి ముంజలు అమ్ముతోంది, డజను ఐదు రూపాయలు. మా వైపు బేరమాడకుండా కొంటే వెర్రివాడంటారు. ఇక్కడ బేరమాడబోతే ఆమె ఒకటి వలిచి నా చేతిలో పెట్టి, "ముందుగాల తిను, మల్ల మాట్లాడు" అంది. తిన్నాక మాట్లాడడానికేం లేదు, డజను కొన్నాను. మల్లయ్య నాలుగు తిని మిగిలినవి భార్యకని తువ్వాల్లో కట్టుకున్నాడు.

పదకొండింటికి జల్‌పల్లి చెరువు కట్ట ఎక్కాం. ఆయన నడక అక్కడితో సరి. పార దించి, కర్రకున్న నా సంచి తీసి దుమ్ము దులిపి నాకు అందించాడు. రెండు రోజులు మోశాడు ఆ సంచిని. అందులో ఏముందో తెలుసా? నా 'నీటి మాటలు' జాబితా అచ్చయిన సంచికలు ఆరు. దారిలో ఎవరికైనా పంచుదామని తెచ్చాను.

ఇంక నావల్ల కాలేదు.

"మల్లన్నా, పంచాయతీలో ఆ మాట చెప్పిన పంతులు నేనే. ఆ గోడ మీద ఉన్నది నా పేరే."

ఆయన చెరువు వైపు చూస్తున్నాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. కాళ్ళు పట్టుకోబోతే జరిగి నిలబడ్డాడు.

"నిన్న గోడకాడ ఎందుకు చెప్పలె?"

"సిగ్గేసి."

"సిగ్గుతోని చెరువు నిండదు గద సారు." ఆయన గొంతులో అప్పుడే కొంచెం కోపం తెలిసింది. "మావోళ్ళు చెప్తే ఇనలె. నువ్వు చెప్తే ఇన్నరు. మల్ల నువ్వే చెప్పాలె. ఒర్రె అంటే ఏందో ఇప్పుడు ఎరుకైంది గద, పోయి చెప్పు."

పార భుజాన వేసుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. రెండు రోజుల్లో మొదటిసారి, వెళ్ళొస్తానని చెప్పలేదు.

కాటేదాన్

బస్సు కోసం కాటేదాన్ దాకా నడిచాను. ఫ్యాక్టరీ గోడల మధ్య ఒక కాలువ పోతోంది, ఒకచోట ఎర్రగా, ఒకచోట నీలంగా. ముక్కు మూసుకుని, కొట్టు ముందు కూర్చున్న ముసలామెను ఇదేమిటని అడిగాను.

"మోరి బాబూ. నేను లగ్గమై వచ్చినప్పుడు ఒర్రె ఉండె. బట్టలు ఉతుకుతుంటిమి" అంది. మోరి అంటే మురుగుకాలువ.

నోట్‌బుక్‌లో అది కూడా రాసుకున్నాను.

మళ్ళీ అక్కడికి

మర్నాడే పంచాయతీ ఆఫీసుకు వెళ్ళాను. ఆ ఆఫీసరుగారికి బదిలీ అయిపోయింది. గుమస్తా ఫైలు తీసి చూపించాడు. "చివరి పిల్లకాలువ, మూసినా నష్టం లేదు. భాషా పండితుల వివరణ" అని ఉంది. నేను తప్పు చెప్పానని కాగితం రాసిస్తే ఆయన తీసుకోవడానికి వెనకాడాడు. "సార్, ఇది పెడితే నాలుగు ప్లాట్లకు దెబ్బ. మీదీ పోతుంది" అన్నాడు. పోనీ అన్నాను. ముద్ర వేయించుకునే దాకా అక్కడే కూర్చున్నాను.

ఆపైన ఇద్దరు కూలీలను పెట్టి నా గోడ పడగొట్టించాను, మొరం తోడించాను. మా ఆవిడ పది రోజులు మాట్లాడలేదు. మాట్లాడాక, "తెలియదని ఒక్క మాట అంటే పోయేదానికి ప్లాటు పోగొట్టారు" అంది. నిజమే గదా, ఏమనను?

జూన్‌లో మొదటి పెద్దవాన పడ్డ మర్నాడు పొద్దున్నే పరుగెత్తాను. మల్లయ్య అప్పటికే అక్కడున్నాడు. నీళ్ళు వచ్చాయి! ఎర్రటి నీళ్ళు, గుట్ట మీది ఆకులూ అలములూ మోసుకుంటూ, నా పేరున్న రాళ్ళ మీదుగా నా ప్లాటులోకి వచ్చాయి. వచ్చి పక్క ప్లాటు గోడకు కొట్టుకుని ఆగిపోయాయి. మోకాలి లోతున సుళ్ళు తిరుగుతున్నాయి. చూస్తుండగానే పొంగి, పాత దారినే రోడ్డు మీదికి మళ్ళాయి.

మల్లయ్య నా వైపు చూసి, "ఒర్రె నీ కాడిదాక వచ్చింది సారు" అన్నాడు. మెచ్చుకున్నాడో ఎత్తిపొడిచాడో నాకు తెలియదు. తర్వాత పార పట్టుకుని, ఆ గోడ వారన పేరుకున్న ఆకులు తోడడం మొదలుపెట్టాడు.

ఆ గోడా, దాని వెనక రెండు గోడలూ ఎవరివో ఇక్కడ రాయను. మీ ముగ్గురికీ తెలుసు, ఈ సంచిక మీ ఇళ్ళకు వస్తుంది. మీ ఇళ్ళకొచ్చి గోడలు తీసెయ్యమని అడిగాను, టీ ఇచ్చి పంపేశారు. మిమ్మల్ని అనే హక్కు నాకు లేదు. ఆ రోజు ఆఫీసులో మీరంతా నా మాట నమ్మారు, అంతే. అదే నోటితో ఇప్పుడు చెబుతున్నాను, ఈసారి నమ్మండి. పెద్దవానలు ఇంకా ముందున్నాయి. ప్రతి ఆదివారం పొద్దున ఏడింటికి తుక్కుగూడ స్టాండులో నిలబడి ఉంటాను. ఒక్కరొచ్చినా చాలు. పారలు నా దగ్గర ఉన్నాయి, మల్లయ్య దారి చూపిస్తాడు. అన్నం తెచ్చుకోండి. సత్తమ్మ ఇంట్లో బియ్యం లేవు.